ఎంట్రీ ఒక్కటే, ఫొటోలు నాలుగు: గోదావరి ఒడ్డున తీసినవాటిలో ఏది పంపాలి, ఎంత దిద్దాలి

కనుమ వెళ్లిన వారానికల్లా మా వీధి అరుగు మీదికి కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని వచ్చేస్తారు. పండక్కి తీసినవి, కార్తీకంలో రేవు దగ్గర తీసినవి, వరదలప్పుడు ఏటిగట్టు మీంచి తీసినవి కలిపి ఒక్కొక్కరి దగ్గర రెండు మూడొందల ఫొటోలు. పోటీకి పంపాల్సింది ఒక్కటి. గడువు ఎల్లుండి. "ఏది పంపమంటారండీ?"

పదిహేనేళ్లుగా ఇలాంటి పోటీలకు పంపుతున్నవాణ్ణి. కొన్ని నెగ్గాయి, చాలా వెనక్కొచ్చాయి. వెనక్కొచ్చినవాటిని తర్వాత తీరిగ్గా చూసుకుంటే ఒక సంగతి తెలిసింది. ఫొటో బాగాలేక పోయినవి తక్కువ. విభాగం తప్పి పోయినవి, దిద్దడం ఎక్కువై పోయినవి ఎక్కువ. అందుకే "ఏది బాగుంది?" అని అడిగితే నేను జవాబు చెప్పను. వడపోసి మిగిల్చినవన్నీ బాగానే ఉంటాయి, బాగుండబట్టే వందల్లోంచి పైకొచ్చాయి. ఏది ఏ విభాగంలో నిలబడుతుంది, అలా నిలబడాలంటే దాని మీద ఎంత చెయ్యి పడాలి అని చూసుకుంటేనే ఎంపిక తేలుతుంది.

ఈసారి వచ్చిన ఒక అబ్బాయి దగ్గర వడపోత అయ్యాక నాలుగు మిగిలాయి. డెల్టాలో కెమెరా పట్టిన ఎవరి దగ్గరైనా అటూ ఇటూగా ఇలాంటివే ఉంటాయి కాబట్టి వాటినే తీసుకుని చెబుతాను.

- రాజమండ్రి పుష్కర ఘాట్ నుంచి సూర్యాస్తమయం: ముందు పడవ, వెనక వంతెన.
- కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం: కౌశిక నీళ్లు దాటుతున్న ప్రభ, అంటే దేవుణ్ణి ఊరేగించే ఎత్తైన వెదురు కట్టడం.
- అంబాజీపేట దగ్గర తోటలో కొబ్బరికాయ ఒలుస్తున్న మనిషి.
- కోరింగ మడ అడవుల్లో బురద మీద తెల్లకొంగ.

## ముందు చూసుకోవాల్సినవి

నిబంధనలు. ఫొటో తెరవకముందే ఇవి చదవండి. పేరున్న పోటీలు అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఫియాప్, అమెరికాలోని ఫొటోగ్రఫీ సంఘం పీఎస్ఏ పెట్టుకున్న నిర్వచనాలను అనుసరిస్తాయి. ఓపెన్ విభాగంలో వెసులుబాటు ఎక్కువ. నేచర్‌లో ఫ్రేములో ఉన్నదాన్ని చెరపకూడదు, లేనిదాన్ని చేర్చకూడదు, ఉన్నచోటు నుంచి జరపకూడదు. అంచులు కత్తిరించుకోవచ్చు, వెలుగునీడలు సర్దుకోవచ్చు. కథకు అవసరమైతే తప్ప మనిషి ఆనవాళ్లు కనిపించకూడదు. ఫొటో జర్నలిజం, ట్రావెల్ విభాగాల్లోనూ చెరపడం, చేర్చడం కుదరదు. మోనోక్రోమ్ అంటే నలుపు తెలుపు, లేదా ఫొటో మొత్తానికి ఒకే రంగు ఛాయ. అంతా నలుపు తెలుపు చేసి ప్రభ మీది గుడ్డ ఒక్కటీ ఎర్రగా ఉంచితే అది మోనోక్రోమ్ కాదు, రంగుల విభాగానికి పోతుంది. మీ పోటీకి సొంత నిబంధనలుంటే వాటిదే చివరి మాట.

ఇది చిన్న విషయమని అనుకోవద్దు. 2015 వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో చివరికి ఒక్క మెట్టు దిగువదాకా వచ్చిన ఫొటోల్లో 20 శాతాన్ని, దిద్దకూడనివి దిద్దారని పక్కన పెట్టేశారు. వాళ్లందరూ వృత్తిలో ఉన్నవాళ్లు. నా అనుభవమూ ఒకటుంది. పొలంలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ల ఫొటోలో పైన అడ్డంగా ఒక కరెంటు తీగ పడితే తీసేసి ట్రావెల్ విభాగానికి పంపాను. తుది జాబితాలోకి వచ్చింది. ఒరిజినల్ ఫైలు అడిగారు. అంతే, అక్కడితో ఆగిపోయింది. ఆ తీగ ఉంచి పంపినా పోయేదేమీ లేదని ఇప్పుడు చూస్తే తెలుస్తోంది.

తొలి చూపు. వందల ఎంట్రీలు వచ్చినప్పుడు మొదటి వడపోతలో ఒక్కో ఫొటోకు దక్కేది కొన్ని క్షణాలే. ఫోన్ గ్యాలరీలో బొటనవేలి గోరంత బొమ్మగా ఉన్నప్పుడే అందులో ఏముందో తెలియాలి. ఇంట్లో ఎవరికైనా ఒక్క క్షణం చూపించి ఫోన్ వెనక్కి తీసుకోండి, "ఏం కనబడింది?" అనడగండి. "ఎవరో ఏదో మోస్తున్నారు" అంటే చాలు. "చాలా ఉన్నాయి" అంటే ఆ ఫొటోకు ఇంకా కత్తిరింపు అవసరం.

ఫైలు బలం. ఇక్కడ లెక్క వేసుకోవాలి, ఊహకు వదలకూడదు. ఫోన్ ఫొటో సాధారణంగా 12 మెగాపిక్సెళ్లు, అంటే 4000 × 3000. తెర మీద చూపించే పోటీకి 1920 పిక్సెళ్ల వెడల్పు అడిగితే అది బోలెడు. 12 × 18 అంగుళాల ప్రింటు అడిగితే అంగుళానికి 300 చొప్పున 3600 × 5400 కావాలి, సుమారు 19 మెగాపిక్సెళ్లు. 200 చొప్పున సర్దుకున్నా 2400 × 3600 ఉండాలి. పైగా ఫోన్ ఫ్రేము 4:3, ప్రింటు 3:2. ఆ ఆకారానికి తేవడానికే పైనో కిందో తొమ్మిదో వంతు పోతుంది. ప్రభ కొసో, మనిషి పాదాలో ఆ తొమ్మిదో వంతులో ఉంటే ముందే తెలుసుకోవడం మంచిది.

ఫొటోలోని మనిషి. తీర్థంలో జనం వేరు, తోటలో ఒక్కడే పని చేసుకుంటున్నాయన వేరు. రెండోచోట అడిగి తియ్యాలి, పోటీకి పంపుతున్నానని కూడా చెప్పాలి. నేను అడిగినప్పుడు ఒకాయన, "ఆయ్, తీసుకోండి బాబూ, పని మాత్రం ఆపమనకండి" అన్నాడు. నాకు కావలసిందీ అదే.

ఇంకెంతమంది ఇదే పంపుతారు అన్నది ఆఖరి ప్రమాణం. దీన్ని ఒక్కో ఫొటో దగ్గర చూద్దాం.

## పుష్కర ఘాట్ సూర్యాస్తమయం

రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది. పొద్దు కొవ్వూరు వైపు నీళ్ల మీద వాలుతుంది. అంత పెద్ద నీటి అద్దం ముందు ఎవరు కెమెరా ఎత్తినా ఏదో ఒక మంచి ఫొటో వస్తుంది. అందుకే పోటీకి ఇది కష్టమైన ఎంపిక. మీ పడవ, మీ సూర్యుడు, మీ వంతెన ఇంకో పాతికమంది ఫ్రేముల్లోనూ ఉంటాయి.

పంపొద్దని అనను. మీ ఫొటోలో మిగతావాళ్లకు దొరకనిది ఒక్కటి ఉండాలి. వల విసిరిన ఆ అర క్షణం, పడవలో ఇద్దరి మధ్య చెయ్యి మారుతున్న తెడ్డు, రైలు వెలుగు నీళ్లలో పడటం. లేదా పొద్దు వంతెనకు సరిగ్గా మీరు కోరుకున్నచోట కూర్చోవడం. అది అదృష్టం మాత్రమే కాదు. డిసెంబరులో సూర్యుడు నైరుతికి జరిగి అస్తమిస్తాడు, జూన్‌లో వాయవ్యానికి. నెలనెలా వెళ్లి చూసినవాడికి ఏ వారం ఏ కమాను వెనక వాలుతాడో తెలుస్తుంది.

దిద్దేటప్పుడు ప్రమాదం రంగులతోనే. ఆకాశాన్ని ఎర్రగా, ఇంకా ఎర్రగా లాగుతూపోతే మృదువుగా మారాల్సిన రంగులు చారలు చారలుగా విడిపోతాయి. ఫ్రేము వంకర సరిచేసేటప్పుడు వంతెన పైగీతను ఆధారం చేసుకోకండి. ఘాట్ నుంచి ఏటవాలుగా చూస్తాం కాబట్టి ఆ గీత సహజంగానే వాలుతుంది. స్తంభాల నిలువు చూసి సరిచేయండి.

శీర్షిక దగ్గర కూడా జాగ్రత్త. 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన పాత హేవ్‌లాక్ వంతెన ఒకటి, 1997లో వచ్చిన ఆర్చి వంతెన ఇంకొకటి, 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మరొకటి. కమానులున్నది ఆర్చి వంతెనకే. ట్రావెల్ విభాగంలో ఒకదాని పేరు ఇంకొకదానికి పెడితే స్థలం తెలిసిన న్యాయనిర్ణేతకు మీ మిగతా మాటల మీదా నమ్మకం పోతుంది.

## జగ్గన్నతోట ప్రభ

కనుమనాడు పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద జగ్గన్నతోటకు చేరతారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నీళ్లలోంచి దాటి రావాలి. వెదురుతో కట్టి రంగు గుడ్డలు చుట్టిన అంత ఎత్తు ప్రభను భుజాల మీద పెట్టుకుని నడుంలోతు నీళ్లలో దిగుతారు, పచ్చని చేల మీదుగా నడుస్తారు. తమ చేలో ప్రభ నడిస్తే మేలని రైతులే అనుకుంటారు. కథకు లోటు లేదు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా ప్రభల తీర్థమే నడిచింది.

ఇంత కథ ఉండటమే చిక్కు. వచ్చిన అబ్బాయి దగ్గర ఈ తీర్థానివే ఎనభై ఫొటోలు. అందులో సగం ప్రభ ఒక్కటే నిటారుగా మధ్యలో నిలబడినవి. అవి ప్రభ ఎలా ఉంటుందో చెబుతాయి, ఎంత బరువో చెప్పవు. నేను ఎంచింది ప్రభ పైభాగం ఫ్రేము బయటికి పోయిన ఫొటో: ఐదారు భుజాలు, బిగిసిన మెడ నరాలు, ఒకడి నోట్లో ఆగిన కేక, నీళ్ల తుంపర. ఆ అబ్బాయి మొదట ఒప్పుకోలేదు. "ప్రభ తెగిపోయింది కదండీ" అన్నాడు. వెదుళ్లు, రంగుగుడ్డల అంచు కనబడుతున్నంతవరకు అది ప్రభేనని తెలుస్తుంది.

మధ్యాహ్నపు ఎండ ఈ ఫొటోకు శత్రువు. నుదుటి కింద కళ్లు నల్లగా మునిగిపోతాయి. నీడలను కొద్దిగా లేపండి, కళ్లలో తడి కనబడేంత వరకే. ఇంకా లేపితే ముఖాలు బూడిద పూసుకున్నట్టు అవుతాయి. తీగలు, సెల్‌ఫోన్ ఎత్తిన చేతులు, వెనక ఫ్లెక్సీలు ఉంటే ఉండనివ్వండి. ఫొటో జర్నలిజంలో అవి ఆ రోజుకు సాక్ష్యం. చెరపాలనిపిస్తే ఓపెన్‌కు పంపుకోవాలి, అక్కడ ఇది పోటీ పడాల్సింది వేరే రకం ఫొటోలతో.

## కొబ్బరి ఒలుపు

నాలుగింట్లో నా ఓటు దీనికే. ఎందుకో చెబుతాను.

ఒలుపు మన కళ్లకు మరీ అలవాటు. తోట పక్కన కాయల రాశి, నిలబెట్టిన గునపం, దాని మీద కాయ గుచ్చి మెలిపెట్టే చేతులు. రోజూ చూసేది కాబట్టి ఎవరూ తియ్యరు, తీసినా పంపరు. కానీ చేతులు ఏ క్షణంలో బిగుస్తాయో, డొక్క ఏ పక్కకు విడుతుందో ఆ ఊళ్లో పుట్టినవాడికి తెలిసినట్టు బయటినుంచి వచ్చినవాడికి తెలియదు. ఆ తెలివిడి ఫొటోలో కనబడుతుంది. ఈ అబ్బాయి ఫొటోలో పీచు చీలిన తీరు, వేళ్ల కణుపుల దగ్గర తెల్లగా బిగిసిన చర్మం రెండూ ఒకే క్షణంలో దొరికాయి.

లోపాలూ ఉన్నాయి. తోటలో ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఆకుల పచ్చదనం చర్మం మీద ప్రతిఫలించి మనిషి జబ్బుపడినట్టు కనబడతాడు. ఇక్కడ రెండు దారులున్నాయి. రంగుల్లోనే ఉంచాలంటే ఆ పచ్చ ఛాయను వైట్ బ్యాలెన్స్‌తో తగ్గించి, వెనక మెరిసే ఎండ మచ్చలను కాస్త అణచాలి. ఓపికుంటే పీచు ఎరుపుగోధుమ రంగు దక్కుతుంది, ఆ రంగు అందమైనదే. మోనోక్రోమ్ చేస్తే పచ్చ ఛాయ సమస్య ఒక్క దెబ్బతో పోతుంది, చూపు చేతుల మీదా పీచు మీదా నిలుస్తుంది. నేను మోనోక్రోమ్ చేయించాను. మీ ఫొటోలో ముఖం కన్నా కాయల రాశి పెద్దదిగా ఉంటే రంగులు ఉంచండి. నలుపు తెలుపులో రాశి రాళ్లకుప్పలా కనబడుతుంది.

## కోరింగ కొంగ

1978లో అభయారణ్యమైన కోరింగ మడ అడవుల్లో నడవడానికి చెక్కదారి ఉంది. పాటు మీద వెళ్తే బురద బయటపడి ఉంటుంది, కొంగలు మేతకు దిగుతాయి. పోటు మీద వెళ్తే నీళ్లే కనబడతాయి. ఫొటో ఎంపిక అక్కడే సగం అయిపోతుంది.

ఈ ఫొటోకు నేచర్ విభాగమే దారి, కాబట్టి నిబంధనలు బిగువు. మూలన చెక్కదారి రెయిలింగు ఒకటి కనబడుతోంది. దాన్ని చెరపడానికి లేదు, కత్తిరించాలి. కత్తిరించాక మిగిలింది 2000 × 1333. తెర మీద చూపే పోటీకి సరిపోతుంది. 18 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 111 పిక్సెళ్లే వస్తాయి, అది చాలదు. ఈ లెక్క చూశాకే ఆ అబ్బాయి దీన్ని వదిలాడు, తను పంపేది ప్రింటు పోటీకి మరి.

రెండో పరీక్ష తెలుపు. కొంగ మెడ దగ్గర పెద్దది చేసి చూడండి. ఈకల గీతలు కనబడితే సరే. సున్నం కొట్టిన గోడలా ఉంటే ఆ వివరం కెమెరాలోనే పోయింది, జేపెగ్ ఫైలులోంచి ఎవరూ వెనక్కి తేలేరు. కెమెరా కుదించకుండా దాచిన రా ఫైలు ఉంటే కొంత ఆశ ఉంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| ఫొటో | విభాగం | బలం | ఇబ్బంది | పడాల్సిన చెయ్యి |
|---|---|---|---|---|
| సూర్యాస్తమయం | ఓపెన్ రంగులు, ట్రావెల్ | చూడగానే ఆకట్టుకుంటుంది | ఇలాంటివి చాలా వస్తాయి | తక్కువ: వంకర సరిచేయడం, రంగు అదుపు |
| ప్రభ | ఫొటో జర్నలిజం, ట్రావెల్ | కథ, కదలిక | జనం, నడి ఎండ | నీడలు లేపడం, గట్టి కత్తిరింపు |
| ఒలుపు | మోనోక్రోమ్, ఓపెన్ | పంపేవాళ్లు తక్కువ, దగ్గరితనం | ఎండ మచ్చలు, పచ్చ ఛాయ | మధ్యస్థం: మోనోక్రోమ్, వెనుకభాగం అణచడం |
| కొంగ | నేచర్ | శుభ్రమైన ఫ్రేము | పిక్సెళ్లు చాలవు | కత్తిరింపు, వెలుగు మాత్రమే |

## దేనితో దిద్దాలి

ఫోన్ గ్యాలరీలోని ఆటో బటన్ అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా ప్రమాదం. అది గోదావరిని గుర్తుపట్టదు. ఆగస్టులో ఎర్రనీరు వచ్చినప్పుడు తీసిన ఫొటోకు ఆటో కొడితే ఆ ఎరుపును తప్పనుకుని బూడిద రంగుకు లాగుతుంది. ఎర్రనీరు లేని వరద గోదారి ఫొటో ఏం చెబుతుంది? అలాగే జనవరి దాళ్వా (రెండో పంట) నాట్లు లేత పసుపు కలిసిన పచ్చ. సాచురేషన్ (రంగుల గాఢత) పెంచితే ప్లాస్టిక్ తివాచీ అయిపోతుంది. ఆ రంగులు తెలిసినవాళ్లం మనం, యంత్రానికి వదలకూడదు.

ఫోనుతో తీసినవాళ్లకు స్నాప్‌సీడ్ యాప్ చాలు. ఉచితం, ఒక్కోచోట వెలుగు పెంచడం తగ్గించడం వేలితో చేసుకోవచ్చు. రా ఫైళ్లున్నవాళ్లు లైట్‌రూమ్ నేర్చుకుంటే ఆ శ్రమ వృథా పోదు. కొంగ తెలుపు, ఆకాశం రంగుల్లో తేడా అక్కడే దొరుకుతుంది. స్టూడియోలో తెలిసినవాళ్లకు ఇచ్చి చేయించడం మూడో దారి. పెళ్లి ఫొటోలు దిద్దే చెయ్యి ముఖాలను నున్నగా చేస్తుంది. ఒలుపు మనిషి ముఖం మీద ముడతలు పోతే ఆ ఫొటోయే పోయినట్టు. ఇస్తే పక్కన కూర్చుని చేయించుకోండి.

ఏఐ చెరిపేసే బటన్లు, ఆకాశం మార్చే బటన్లు జోలికి వెళ్లకండి. 2023లో సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డుల్లో జర్మనీ కళాకారుడు బోరిస్ ఎల్డాగ్సెన్ తన బొమ్మ ఏఐతో చేసినదని తానే చెప్పి బహుమతి వద్దన్నాడు. ఆ తర్వాత ఈ విషయంలో అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అడగడం న్యాయమే. ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్‌తో తీసిన ఫొటో అయితే జుట్టు అంచులు, గునపం మొన పెద్దది చేసి చూడండి. అక్కడ యంత్రం గీసిన మసక తప్పు పడితే ఆ ఫొటో పక్కన పెట్టడమే మేలు.

నేను చేసే వరుస: ముందు వంకర, తర్వాత కత్తిరింపు, తర్వాత వైట్ బ్యాలెన్స్, మొత్తం వెలుగు, ఆ పైన ఒక్కోచోట వెలుగునీడలు, రంగు ఆఖరికి. షార్ప్‌నింగ్, అంటే అంచులకు పదును పెట్టడం, సైజు తగ్గించాకే, అదీ కొద్దిగా. కొబ్బరాకుల అంచున ఆకాశం మీద తెల్లగీత కనబడితే ఎక్కువైనట్టు. అయ్యాక ఒక రాత్రి వదిలేసి పొద్దున్నే ఒరిజినల్ పక్కన పెట్టి చూస్తాను. ప్రతిసారీ ఏదో ఒకటి సగానికి తగ్గిస్తాను.

## ఎవరికి ఏది

మొదటిసారి, ఫోనుతో, తెర మీద చూపే పోటీకి పంపుతుంటే ఒలుపు లాంటి దగ్గరి ఫొటో ఎంచుకోండి. దగ్గరగా తీసినదాంట్లో ఫోన్ లోపాలు తక్కువ బయటపడతాయి. పెద్ద లెన్సు ఉండి కోరింగ, కొల్లేటి పక్షులుండే ఆటపాక లాంటి చోట్లకు తరచూ వెళ్లేవాళ్లు నేచర్‌కే పంపాలి. అక్కడ మీ ఓపికకు విలువ ఉంది, ఓపెన్‌లో ఆ కొంగను ఎవరో రంగులద్దిన సూర్యాస్తమయం మింగేస్తుంది. ప్రింటు పోటీ అయితే ముందు పిక్సెళ్లు లెక్కపెట్టి, తర్వాతే మనసు పెట్టుకోండి. ప్రింటు తెరకన్నా ముదురుగా వస్తుంది కాబట్టి చిన్న సైజులో ఒకటి వేయించి చూసి, అవసరమైతే వెలుగు కాస్త పెంచండి. రెండు ఎంట్రీలకు అవకాశముంటే ఒకే తీర్థంలోంచి రెండు పంపకండి, ప్రభ ఒకటి, ఒలుపు ఒకటి పంపండి. సూర్యాస్తమయమే మీకు ప్రాణమైతే ఈ ఏడాది ఆపుకుని వచ్చే నెలల్లో పొద్దు ఎక్కడ వాలుతుందో చూసుకుంటూ మళ్లీ తియ్యండి.

పంపేటప్పుడు జేపెగ్, ఎస్ఆర్‌జీబీ (తెరలకు మామూలుగా వాడే రంగుల అమరిక) రంగులు, అడిగిన కొలతలు. వాట్సాప్‌లో పంపమంటే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలు ఫొటోగా పంపితే అది నలిపి పంపుతుంది. మూలన మీ పేరు వాటర్‌మార్కు వెయ్యకండి. ఫోనులో జాగా లేదని ఒరిజినల్‌ను మాత్రం తుడిచెయ్యొద్దు, ఫలితాలు వచ్చేదాకా అయినా ఉండాలి. తుది జాబితాలోకి వచ్చారని కబురందినప్పుడు మొదట అడిగేది దాన్నే.